చప్పుడు రాని బ్రేకు

మీ చెవులు చల్లగా ఉండాలని మా వదిన నడుము విరగ్గొట్టారు. ఇంకెవరో కాదు, మీరే. కొండ మీద మిల్లు నడిపేవాళ్లు, కొండ సగంలో బంగళాలు కట్టుకుని పడుకునేవాళ్లు, గేటు మీద ఆ నోటీసు అంటించినవాళ్లు. పోనీ విరగ్గొట్టి ఊరుకున్నారా అంటే అదీ లేదు. ఆమె అసలు బ్రేకే నొక్కలేదని కాగితం రాశారు. రాసిన చేతులు పడిపోను.

నేను సైకిళ్లు బాగుచేస్తాను. నన్ను అందరూ పానా అంటారు, ఎప్పుడూ చేతిలో అదే ఉంటుంది కాబట్టి. మిల్లు గేటుకు ఎదురుగా గోడవారన ఒక గోనెపట్టా, ఒక గాలి పంపు, రెండు రేకు డబ్బాలు, ఇదీ నా దుకాణం. పద్నాలుగేళ్ల నుంచి అక్కడే. మా వదిన ఆ మిల్లులో నూలు చుట్టే విభాగంలో పని చేసేది. ఎనిమిది గంటలు మర ముందు నిలబడి, తెగిన దారం తెగినచోట ముడేస్తూ ఉండాలి. మా అన్న తాపీ మేస్త్రీ. కొండ కింద రెండు గదుల ఇంట్లో ముగ్గురం ఉంటాం.

మిల్లు దగ్గర్నుంచి కిందికి రోడ్డు కిలోమీటరున్నర. మూడు మలుపులు. పొద్దున అందరూ సైకిళ్లు తోసుకుంటూ పైకొస్తారు. పని అయ్యాక ఎక్కి కూర్చుని, రెండు బ్రేకులూ పట్టుకుని దిగుతారు. మూడు వందల సైకిళ్లు ఒకేసారి బ్రేకు పట్టుకుని దిగితే ఎలా ఉంటుందో తెలుసా? మూడు వందల పందుల గొంతులు ఒకేసారి కోస్తున్నట్టు ఉంటుంది. రాత్రి షిఫ్టువాళ్లు పొద్దున ఆరింటికి అలా దిగుతుంటే మూడో మలుపులో బంగళాలవాళ్లకు నిద్ర చెడుతోందట. పన్నెండు గంటలకు లేచినా అడిగేవాడు లేనివాళ్లకు ఆరింటికి మెలకువ వచ్చింది. అదీ నేరం.

ఆ చప్పుడు ఎక్కడి నుంచి వస్తుందో మిల్లువాళ్లు నన్ను ఒక్కసారి అడిగి ఉంటే చెప్పేవాణ్ని. వాళ్ల సైకిలు స్టాండుకు పైకప్పు లేదు. మిల్లు లోపలి గాలిని బయటికి తోసే గొట్టాలు సరిగ్గా దాని మీదికే తెరుచుకుంటాయి. నూనె కలిసిన దూది పొట్టు రోజంతా రిమ్ముల మీద రాలుతుంది. ఆ జిడ్డు మీద రుద్దుకుని రుద్దుకుని బ్రేకు రబ్బరు అద్దంలా నునుపు తేలుతుంది. నునుపు తేలిన రబ్బరు రిమ్మును సరిగా పట్టదు. పట్టీ పట్టక అదురుతుంది. ఆ అదురే కీచుమనే చప్పుడు. అంటే సైకిలు అరుస్తోందంటే నన్ను ఒకసారి చూడండి అంటోందన్నమాట. చూడాలా, నోరు మూయాలా?

చూడడం పెద్ద విద్యేమీ కాదు. రిమ్మును స్పిరిటు గుడ్డతో తుడవాలి. రబ్బర్లు విప్పి, మెరుపు పోయేదాకా గరుకు కాగితం మీద రుద్దాలి. మళ్లీ బిగించేటప్పుడు రబ్బరు వెనక అంచు కింద పలచని అట్టముక్క పెట్టి బిగించి, అట్ట లాగేయాలి. అప్పుడు ముందు అంచు వెంట్రుకవాసి ముందు తగిలి, మిగతాది మెల్లగా ఆనుకుంటుంది. అదురు పోతుంది. చక్రంలో వంకర ఉంటే పుల్లలు సరిచేయాలి. రబ్బరు అరిగిపోతే కొత్తది వేయాలి. సైకిలుకు అరగంట.

మిల్లువాళ్లు అరగంట ఇవ్వలేదు. నోటీసు ఇచ్చారు.

"కీచు శబ్దము చేయు సైకిళ్లకు ఆవరణలోనికి ప్రవేశము లేదు." కింద సేఫ్టీ సారు సంతకం. సేఫ్టీ సారంటే మా ప్రాణాలు కాపాడడానికి పెట్టిన మనిషి. గేటు ముందు నేల మీద తెల్లగీత గీయించాడు. పొద్దున వచ్చినవాళ్లు పది అడుగుల దూరం నుంచి సైకిలెక్కి, గీత దగ్గర బ్రేకు నొక్కాలి. గేటు కాపలాదారు చెవి ఒగ్గి వింటాడు. నోట్లో ఎప్పుడూ ఈల ఉండడం వల్ల అతన్ని ఈల మామ అంటాం. చప్పుడు రాకపోతే లోపలికి. వస్తే పేరు పుస్తకంలోకి. మొదటిసారి హెచ్చరిక, రెండోసారి ఆ పూట పని లేదు, మూడోసారి పనిలోంచే తీసేస్తారు.

సైకిలు గీత దగ్గర ఆగిందా, గీత దాటి పోయిందా అని చూసే నాథుడు లేడు. అరిచిందా లేదా, అంతే.

మైనం ఉపాయం కనిపెట్టింది మా వదినే. నూలు చుట్టే మరలకు మైనపు బిళ్లలుంటాయి. దారం బిళ్లకు ఒరుసుకుంటూ పోయి నునుపెక్కుతుంది. బిళ్ల అరిగి అరిగి రూపాయి మందం అయ్యాక చెత్తలో పారేస్తారు. వదిన ఒకటి కొంగున కట్టుకొచ్చి, గేటు దగ్గరికి వచ్చే ముందు రిమ్ములకు రుద్దింది. గీత దగ్గర నొక్కింది. పిల్లి నడిచినట్టు ఆగింది. వారం తిరిగేసరికి మిల్లు మొత్తం అదే పని.

అప్పుడే నేను పోట్లాడాను.

"వదినా, చప్పుడు పోగొట్టమంటే బ్రేకు పోగొట్టావు. మెల్లగా పోయేటప్పుడు ఆగుతుంది. వాలులో ఆగదు."

"వాలులో ఎవరు పొమ్మన్నారయ్యా దాంతో? నువ్వెందుకున్నావు ఇక్కడ, ఈగలు తోలడానికా? పని దిగగానే నువ్వు తుడిచెయ్యి."

"మూడు వందల సైకిళ్లు తుడవాలా?"

"గుడ్డ ఇక్కడ పెట్టు, ఎవరిది వాళ్లే తుడుచుకుంటారు. నీ చేతులేం అరిగిపోవు."

అలా మొదలైంది మా తతంగం. పొద్దున మైనం పూయడం, మధ్యాహ్నం రెండింటికి నా గోనెపట్టా దగ్గర స్పిరిటు గుడ్డతో తుడుచుకోవడం. ఈల మామకు తెలుసు. మిల్లులో అందరికీ తెలుసు. సేఫ్టీ సారొక్కడికే తెలియదు. మూడు నెలల్లో చప్పుడు తొంభై పాళ్లు తగ్గిందని ఆయన తన పైవాళ్లకు రాసుకున్నాడని విన్నాను.

వదిన సైకిలు సంగతి వేరు. దాని వెనక రబ్బర్లు పూర్తిగా అరిగిపోయి, రాయిలా గట్టిపడ్డాయి. మైనం పూసినా ఒక్కోరోజు అరిచేది. అప్పటికే పుస్తకంలో రెండుసార్లు పేరెక్కింది. "రబ్బర్లు మార్చు మరిదీ" అని వారం నుంచి అడుగుతోంది. "రేపు వదినా" అని వారం నుంచి నేను చెబుతున్నాను. బయటివాళ్ల పని ముందు, ఇంటివాళ్ల పని తర్వాత. ఇంట్లోవాళ్లయితే ఎక్కడికి పోతారు, ఏమంటారు అని ధీమా. నా తప్పుల్లో అది మొదటిది. ఇంకో రెండున్నాయి, అవీ చెబుతాను.

ఆ రోజు పొద్దున ఆరింటికి పది నిమిషాలుందనగా వదిన నా దగ్గరికి తోసుకుంటూ వచ్చింది. మైనం పూసే ఉంది. నా ముందు నాలుగడుగులు తొక్కి బ్రేకు నొక్కితే వెనక చక్రం కెవ్వుమంది.

"విన్నావా? మీ అన్నకంటే గట్టిగా అరుస్తోంది" అంది.

"అన్నయ్య అరవడం నేనెప్పుడూ వినలేదే."

"నువ్వు లేనప్పుడు అరుస్తాడులే. ఏదో ఒకటి చెయ్యి తొందరగా. ఈ పూట పేరెక్కితే ఇక మీ ఇంట్లో గిన్నెలు తోముకుంటూ కూర్చోవాలి."

నా డబ్బాలో కొత్త రబ్బర్లున్నాయి. నాలుగు రబ్బర్లూ మార్చి సరిచేయాలంటే అరగంట. ఉన్నది పది నిమిషాలు, ముందు నలభై మంది వరస. ఏం చేయాలో నాకు తెలుసు: రిమ్ములు తుడిచి, "ఇవాళ సైకిలు ఇక్కడ వదిలేసి నడిచి లోపలికి పో" అనాలి. అన్నాను కూడా. సైకిలు లేకుండా వస్తే ఎందుకు తేలేదని అడుగుతున్నారనీ, దాచిన సైకిలూ అరిచిన సైకిలే అని రాసుకుంటున్నారనీ చెప్పింది. అది నిజమే. ముందురోజే ఇద్దరికి అలా రాశారు.

దాంతో ఆమె చేతిలోని మైనపు బిళ్ల తీసుకుని రబ్బర్లకే రాశాను. రిమ్ములకు కాదు, రబ్బర్లకు. ముందువీ వెనకవీ, నాలుగింటికీ, బిళ్లలో సగం అరిగేదాకా. ఈ తేడా మిల్లు బాబులకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. రిమ్ము ఇనుము, తుడిస్తే పోతుంది. రబ్బరుకు పట్టిన మైనం తుడిస్తే పోదు. వాలులో రాపిడికి వేడెక్కి, కరిగి, రిమ్మంతా తనే పూసుకుంటూ పోతుంది. మైనం అంటిన రబ్బర్లను పారేయాల్సిందే. తెలిసీ రాశాను. అది రెండో తప్పు.

చక్రం తిప్పి నొక్కి చూపించాను. చప్పుడు లేదు.

"ఆగుతుందా?" అంది వదిన.

"గేటు దగ్గర ఆగుతుంది. రెండింటికి ఇటు రా, నాలుగు రబ్బర్లూ తీసి కొత్తవి వేస్తాను. నేను వేసేదాకా ఎక్కకు. ఒట్టు?"

"ఒట్టు పెట్టించుకునే మొహం చూడు. వారం రోజుల రేపులు బాకీ ఉన్నావు నాకు."

గీత దగ్గర నొక్కింది. ఈల మామ తల ఊపాడు. లోపలికి వెళ్లింది.

పదకొండు గంటలకు సేఫ్టీ సారు ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. రెండింటికి ఎవరో పెద్దవాళ్లు మిల్లు చూడడానికి వస్తున్నారట. గేటు ముందు ఈ గోనెలూ డబ్బాలూ కనిపించకూడదట.

"కొండ కిందికి దిగిపో. ఇవాళొక్క రోజే" అన్నాడు.

"సారూ, రెండింటికి షిఫ్టు దిగుతుంది. ఆ అరగంట ఉండనివ్వండి. చక్రాలు తుడవాలి."

"చక్రాలకేమైంది, తుడవడానికి?"

ఇక్కడ నా నోరు పడిపోయింది. మైనం సంగతి చెబితే మూడు వందల మంది పేర్లూ పుస్తకంలోకి ఎక్కుతాయి. చెప్పకపోతే దుకాణం ఎత్తేస్తారు. నేను తలొంచుకుని డబ్బాలు సర్దుకున్నాను. మూడో తప్పు అదే, అన్నిటికంటే పెద్దది. ఆ రోజు ఆ గోడవారన గట్టిగా అరిచి ఉండాల్సింది నేను.

వెళ్తూ వెళ్తూ ఈల మామ చెవిలో వేశాను. "మామా, మా వదిన బ్రేకులో ఏమీ లేదు. తోసుకుంటూ దిగమని చెప్పు. మిగతావాళ్లక్కూడా చెప్పు." సరేనన్నాడు. చెడ్డవాడేమీ కాదు.

రెండింటికి నేను కొండ కింద, రోడ్డు చదునయ్యే చోట, స్పిరిటు గుడ్డ పట్టుకుని నిలబడ్డాను. పిచ్చివాణ్ని. వాలంతా దిగి వచ్చాక తుడవడానికి. ముందు కొందరు వచ్చారు. రెండు కాళ్లూ నేలకేసి రాస్తూ, చెప్పులు అరగదీసుకుంటూ వస్తున్నారు. మూడు వందల సైకిళ్లు దిగుతున్నాయి, కొండ మీద ఒక్క కీచు లేదు. పద్నాలుగేళ్లలో ఆ రోడ్డు అంత నిశ్శబ్దంగా ఉండడం నేను వినలేదు. అప్పుడు పైన మూడో మలుపు దగ్గర దబ్బుమని ఒక్క చప్పుడు.

వదిన బంగళా ప్రహరీగోడకు కొట్టుకుని, దాని పక్క మురుగుకాలవలో పడి ఉంది. సైకిలు ఒకవైపు, ఆమె ఒకవైపు. చేతులు కదులుతున్నాయి. కళ్లు తెరిచే ఉన్నాయి.

"మరిదీ, నా కాళ్లు ఉన్నాయా చూడు. నాకు తెలియడం లేదు" అంది.

ఉన్నాయి. రెండూ ఉన్నాయి. చెప్పు కూడా ఊడలేదు. బంగళా లోపలి నుంచి ఒకావిడ వచ్చి చూసింది. ఏ చప్పుడూ లేకుండా వచ్చి పడిందండీ అని ఆశ్చర్యపోయింది.

ఏం జరిగిందో తర్వాత తెలిసింది. పెద్దవాళ్ల కార్లు సరిగ్గా అదే సమయానికి పైకి ఎక్కుతున్నాయి. సైకిళ్లు తోసుకుంటూ దిగితే రోడ్డంతా నిండిపోతుందని, అందర్నీ ఎక్కించి ఒక్కొక్కర్నే వరసగా పంపించెయ్యమని సేఫ్టీ సారు ఈల మామకు హుకుం వేశాడు. ఈల మామ ఈలేస్తూ, "ఎక్కండి, ఎక్కండి" అని చేతులూపుతూ నిలబడ్డాడు. వదిన నా కోసం గోడవైపు చూసిందట. గోనెపట్టా లేదు. ఆగబోతే వెనకనుంచి ఈల.

"చెబుదామనే అనుకున్నానురా" అన్నాడు ఈల మామ ఆస్పత్రి మెట్ల మీద. "నోట్లో ఈల ఉంది."

నేను అతన్ని దాటుకుని వార్డులోకి పోయాను. 

నడుములో రెండు ఎముకలు నలిగిపోయాయన్నారు డాక్టర్లు. నడుము కింద స్పర్శ లేదు, ఇక రాదు. పదకొండో రోజున సేఫ్టీ సారు పండ్ల సంచీతో వార్డుకు వచ్చి, మంచం మీద ఒక కాగితం పెట్టి, చదువుకుని సంతకం పెట్టమన్నాడట. వదిన చదివింది. పండ్లు వెనక్కి ఇచ్చేసి, కాగితం మాత్రం ఉంచుకుంది. సాయంత్రం నేను వెళ్లేసరికి దాన్ని దిండు కింద నుంచి తీసి నా చేతిలో పెట్టింది.

"గట్టిగా చదువు. నువ్వు చదివితే ఇంకా ఎంత అందంగా ఉంటుందో విందాం."

చదివాను. "ప్రమాద సమయమున సదరు కార్మికురాలు బ్రేకు ఉపయోగించలేదు. ఉపయోగించినచో శబ్దము వచ్చియుండెడిది. పరిసరములలో ఎవరునూ అట్టి శబ్దము వినలేదు. కావున ప్రమాదమునకు ఆమె అజాగ్రత్తయే కారణము."

రెండోసారి చదివాను. తెలివితేటలంటే ఇవి. చప్పుడు చేస్తే పనిలోంచి తీసేస్తారు. చేయకపోతే బ్రేకే వేయలేదంటారు.

వదిన దుప్పటి మీద నుంచి రెండు చేతులూ ఎత్తి చూపించింది. ఒక్కో చేతికి నాలుగు వేళ్ల మీదుగా అడ్డంగా నల్లటి గీత. బ్రేకు కడ్డీ గీత. పదకొండు రోజులైనా వాపు దిగలేదు.

"మొదటి మలుపు నుంచీ నొక్కుతూనే ఉన్నాను. వేళ్లు తెగిపోతాయేమో అనుకున్నాను. రెండో మలుపు దాకా కాళ్లు నేలకేసి రాశాను. అక్కడ కారు ఎదురైంది. పక్కకు తిప్పితే ఇక కాలు నేలకు అందలేదు. గోడ తగిలేదాకా నొక్కాను మరిదీ. గోడ తగిలాక కూడా నొక్కే ఉన్నాను." చేతులు మళ్లీ దుప్పటి మీదికి దించింది. "తల తిరిగి పడిందని రాసినా ఊరుకుందును. నొక్కలేదని రాస్తారా? ఇరవై రెండేళ్లు మర ముందు నిలబడ్డాను. నా చేతిలో ఒక్క నూలు కోను పాడవలేదు. ఇప్పుడు మా ఆడవాళ్లంతా ఏమనుకుంటారు? బ్రేకు నొక్కడం కూడా రాని మనిషి, తన ఖర్మకు తను పడిందనుకోరూ? ఇక నేను ఈ మంచం దిగేది లేదు. మంచంలో ఎన్నేళ్లుంటానో తెలియదు. ఆ మాట పక్కన పెట్టుకుని మాత్రం ఉండలేను."

"వదినా, మైనం సంగతి చెబితే అందరూ దొరికిపోతారు."

"అందరిదీ చెప్పమన్నానా? నీది చెప్పు."

నేను నేల చూశాను. "రబ్బర్లకు రాశాను ఆ రోజు. రిమ్ములకు కాదు."

"తెలుసు. రెండో మలుపు దగ్గరే తెలిసింది." కోపంగా అనలేదు. మరలో దారం ఎక్కడ తెగిందో చెప్పినట్టు అంది. "మీ అన్నకు తెలియదు. ఆయన ముందే చెప్పు. చాటుగా చెప్పి చేతులు కడుక్కుంటే నా మీద ఒట్టు."

విచారణ మిల్లు ఆఫీసులో జరిగింది. ఆ గదికి రెండు పొరల అద్దాల కిటికీలు. పక్కనే వెయ్యి మరలు తిరుగుతుంటే లోపల గడియారం చప్పుడు వినిపిస్తుంది. బల్లకు అవతల సేఫ్టీ సారు, మేనేజరు, రాసుకోవడానికి ఒక గుమాస్తా. ఇవతల మా అన్న, సున్నం మరకల చొక్కాతో, కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. నేను నిలబడే ఉన్నాను. జేబులోంచి గుడ్డమూట తీసి, నాలుగు రబ్బర్లూ బల్ల మీద పెట్టాను.

"ఏమిటివి?" అన్నాడు మేనేజరు.

"మా వదిన సైకిలు బ్రేకు రబ్బర్లు. గోటితో గీకండి."

ఆయన గీకలేదు. గుమాస్తా గీకాడు. గోటి కింద తెల్లగా మైనం వచ్చింది. చిన్న చుట్టలా చుట్టుకుంది.

"బ్రేకు నొక్కింది. నొక్కితే ఆగకుండా, అరవకుండా చేసింది నేను" అన్నాను. పొద్దున పది నిమిషాల సంగతి, పుస్తకం సంగతి, సగం బిళ్ల సంగతి, పదకొండింటికి నన్ను గోడవార నుంచి లేపేసిన సంగతి, ఒక్కటీ వదలకుండా చెప్పాను. మిగతా మూడు వందల సైకిళ్ల గురించి మాత్రం ఒక్క మాటా చెప్పలేదు. చెబుతున్నంతసేపూ బల్లకేసి చూశాను. అన్నవైపు చూడలేకపోయాను.

సేఫ్టీ సారు మొహం వెలిగింది. నిజం చెబుతున్నాను, వెలిగింది. పోగొట్టుకున్నది దొరికినట్టు.

"అయితే నువ్వే చేశావన్నమాట."

"నేనే. మీ గీత దగ్గర చప్పుడు రాకూడదని."

"గీత సంగతి అడగలేదు. నువ్వు చేశావా లేదా?"

"చేశాను."

"రాసుకో" అన్నాడు గుమాస్తాతో. అక్కడికక్కడే పాత వాక్యం కొట్టేశారు. కార్మికురాలు బ్రేకు ఉపయోగించింది అని రాశారు. కింద, గేటు బయట అనుమతి లేకుండా సైకిళ్లు మరమ్మతు చేసే ఫలానావాడు, ఆమె మరిది, బ్రేకులను పాడుచేయడమే ప్రమాదానికి కారణం అని రాశారు. ఒక పేరు తీసి ఇంకో పేరు పెట్టారు. రెండూ ఒకే ఇంటి పేర్లు. నోటీసు మాట లేదు, గీత మాట లేదు, ఈల మాట లేదు. నా మీద ఫిర్యాదు కూడా రాసి పంపారు. పోలీసులు రెండుసార్లు పిలిచారు, ఇంకా పిలుస్తారు. గేటు ముందు నన్ను నిలబడనివ్వడం లేదు.

బయటికి వచ్చాక మెట్ల మీద అన్న ఆగాడు.

"ఎంత రాశావు?" అన్నాడు.

"బిళ్లలో సగం."

"నీ దగ్గర కొత్త రబ్బర్లు లేవా?"

"ఉన్నాయి."

ఇంకేమీ అడగలేదు. తిట్టలేదు, కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేది. ఆ రోజు నుంచి నాతో మాట్లాడడం లేదు. ఒకే ఇంట్లో ఉన్నాం. నేను వదిన గదిలోకి వెళ్తే తను లేచి వాకిట్లోకి పోతాడు. ఆమెను పక్కకు తిప్పడానికి ఇద్దరు మనుషులు కావాలి. అప్పుడు మాత్రం లోపలికి వస్తాడు. నేను భుజాలు పట్టుకుంటాను, తను కాళ్లు పట్టుకుంటాడు. తిప్పాక మళ్లీ వెళ్లిపోతాడు.

కొట్టేసిన వాక్యం ఉన్న కాగితం నకలు వదినకు చదివి వినిపించాను. బ్రేకు ఉపయోగించింది అన్నచోట ఆపి, మళ్లీ చదవమంది. చదివాను.

"సరే" అంది. తర్వాత, "నీ సంగతి ఇలా అవుతుందని నాకు తెలుసు. తెలిసే చెప్పమన్నాను. తిట్టుకో" అంది.

తిట్టుకోలేదు. నా తప్పుకు నా పేరు ఉండాల్సిందే, ఉండనివ్వండి. కానీ నిన్న పొద్దున కొండ కింద నిలబడి చూశాను. ఆడవాళ్లు సైకిళ్లు తోసుకుంటూ ఎక్కుతున్నారు. ఒక్కొక్కరి కొంగులో మైనపు బిళ్ల. గేటు దగ్గర ఇంకా అదే గీత, అదే పుస్తకం. మధ్యాహ్నం తుడవడానికి పైన నేను కూడా లేను. రెండింటికి వాళ్లు చెప్పులు రాసుకుంటూ, నోరు మెదపని సైకిళ్ల మీద ఆ మలుపులు దిగారు. నిన్న ఎవరూ పడలేదు.

అందుకే చెబుతున్నాను, వినండి. మరల దగ్గర పనిచేసే అక్కల్లారా, చెల్లెళ్లారా, అన్నల్లారా, ఆ బిళ్లలు మురుగులో పారేయండి. వట్టి రిమ్ములతో పొండి. గీత దగ్గర మూడు వందల సైకిళ్లూ గొంతెత్తి అరవనివ్వండి. ఒక్కరి పేరు రాస్తే అందరి పేర్లూ రాయమనండి. ఒక్కరిని బయట నిలబెడితే ఎవరూ లోపలికి పోకండి. పుస్తకంలో ఎన్ని పేజీలున్నాయో చూద్దాం. ఈల మామా, నీకూ చెబుతున్నాను, రేపు నోట్లోంచి ఆ ఈల తీసెయ్యి.

మిల్లు నడిపేవాళ్లారా, మీరు చేయాల్సింది కూడా రేపే మొదలవ్వాలి. విచారణలూ కమిటీలూ అక్కర్లేదు. గీత చెరిపేయండి. వినడం మానేసి చూడండి: వాలు మీద నిండు బరువుతో వచ్చే సైకిలు ఆగుతుందో లేదో చూడండి. ఆగనిదాన్ని రోడ్డెక్కనివ్వకండి, దాని మీద వచ్చిన మనిషిని మాత్రం పనిలోకి రానివ్వండి. ఆ గాలి గొట్టాల నోళ్లు అవతలికి తిప్పండి, స్టాండు మీద రేకులు వేయండి. స్టోరులోంచి రబ్బర్లు, స్పిరిటు, గరుకు కాగితం బయటికి తీయండి. నా చేతులు వద్దనుకుంటే ఇంకొకణ్ని పెట్టుకోండి, పని నేర్పిస్తాను, పట్టుమని ఒక్కరోజు పని. ప్రతి సైకిలుకూ అరగంట ఇవ్వండి. మీ మర ఆపి ఇవ్వండి, మా నిద్రలోంచి కాదు.